కన్‌స్ట్రక్టరా, ఫ్యాక్టరీ మెథడా, బిల్డరా: జావాలో ఏది మేలు?

జావాలో ఒక క్లాస్ రాయడం మొదలుపెట్టగానే దాని ఆబ్జెక్ట్ ఎలా పుట్టాలన్న ప్రశ్న ఎదురవుతుంది. న్యూ అని రాసి ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే కోడ్ భాగమైన కన్‌స్ట్రక్టర్‌ను నేరుగా పిలవవచ్చు. ఆబ్జెక్ట్‌ను తయారుచేసి చేతికిచ్చే స్టాటిక్ ఫ్యాక్టరీ మెథడ్ పెట్టవచ్చు. ఖాళీ ఆబ్జెక్ట్‌ను ముందు సృష్టించి, తరువాత విలువ పెట్టే మెథడ్‌లైన సెట్టర్లతో ఒక్కో విలువా నింపవచ్చు. లేదంటే ఆ పనంతా, విలువలను ఒక్కొక్కటిగా సేకరించి చివర ఆబ్జెక్ట్‌ను కట్టిచ్చే సహాయక క్లాస్ అయిన బిల్డర్‌కు అప్పగించవచ్చు. నాలుగూ కంపైల్ అవుతాయి, నాలుగూ నడుస్తాయి. తేడా తెలిసేది రెండు విషయాల్లో: చేతికి వచ్చే క్షణానికే ఆబ్జెక్ట్ వాడకానికి సిద్ధంగా ఉందా అన్నది ఒకటి, దాన్ని సృష్టించే వాక్యం చదివినవారికి అక్కడ ఏం జరుగుతోందో అర్థమవుతుందా అన్నది మరొకటి. ఈ రెండింటిలో మొదటిదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

కన్‌స్ట్రక్టర్ అసలు బలం కూడా అక్కడే ఉంది. ఫైనల్ అని, అంటే ఒకసారి ఇచ్చిన విలువ ఇక మారదని, ప్రకటించిన ఫీల్డ్‌కు కన్‌స్ట్రక్టర్ ముగిసేలోగా విలువ ఇవ్వకపోతే కంపైలర్ ఒప్పుకోదు. వయసు రుణసంఖ్య కాకూడదనో, ఖాతా నంబరు ఖాళీగా ఉండకూడదనో అక్కడే పరీక్షించి, సరిపడకపోతే ఎక్సెప్షన్ విసిరితే, చెడ్డ విలువతో ఉన్న ఆబ్జెక్ట్ ఎవరి చేతికీ చేరదు. 2004లో వచ్చిన జావా 5తో సవరించిన మెమరీ మోడల్ (ఒక థ్రెడ్ రాసిన విలువలు మరో థ్రెడ్‌కు ఎప్పుడు కనిపిస్తాయో చెప్పే నియమాలు) దీనికి ఇంకో హామీ జోడించింది: కన్‌స్ట్రక్టర్ పూర్తికాకముందే ఆ ఆబ్జెక్ట్‌నే చూపే దిస్ అనే సూచిక బయటికి పొక్కకపోతే, అందులో నింపిన ఫైనల్ ఫీల్డ్‌ల విలువలు ఏకకాలంలో నడిచే ఇతర థ్రెడ్‌లకు సరిగానే కనిపిస్తాయి. సెట్టర్లతో నింపే ఆబ్జెక్ట్‌కు ఈ హామీ ఏదీ లేదు.

కొత్తవారు తరచు తడబడే రెండు చోట్లను ఇక్కడే చెప్పుకుని ముందుకు సాగవచ్చు. మనం ఏ కన్‌స్ట్రక్టరూ రాయకపోతే కంపైలర్ పారామీటర్లు లేనిదాన్ని తానే సమకూరుస్తుంది. మనం ఒక్కటి రాసినా అది ఇక దొరకదు. కన్‌స్ట్రక్టర్ పేరుకు ముందు పొరపాటున వాయిడ్ అని రాస్తే అది క్లాస్ పేరు పెట్టుకున్న మామూలు మెథడ్‌గా మారిపోతుంది. కంపైలర్ దాన్ని దోషంగా చూపదు.

కన్‌స్ట్రక్టర్ బలహీనత దానికి సొంత పేరు లేకపోవడం. ఇంటిపేరు, పేరు అని రెండు స్ట్రింగ్‌లు తీసుకునే కన్‌స్ట్రక్టర్‌నే చూడండి. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు, చివర రాయడం మరికొందరి అలవాటు. వరుస తారుమారైనా రెండూ స్ట్రింగ్‌లే కాబట్టి కంపైలర్ పట్టుకోలేదు. న్యూ అర్రేలిస్ట్(10) అని రాసి పది అంశాల జాబితా వస్తుందని ఆశించేవారికి దొరికేది, పదింటికి చోటున్న ఖాళీ జాబితా. ఇంతకంటే ప్రమాదకరమైన ఉదాహరణ డబ్బు లెక్కల్లో వాడే బిగ్‌డెసిమల్. న్యూ బిగ్‌డెసిమల్(0.1) అని రాస్తే వచ్చేది 0.1 కాదు, 0.1000000000000000055 అని మొదలై ఇంకా చాలా అంకెల దాకా సాగే సంఖ్య, ఎందుకంటే 0.1ని డబుల్ రకం కచ్చితంగా దాచుకోలేదు, కన్‌స్ట్రక్టర్ ఆ దాచుకున్న రూపాన్నే యథాతథంగా తీసుకుంటుంది. బిగ్‌డెసిమల్.వాల్యూఆఫ్(0.1) అనే ఫ్యాక్టరీ మెథడ్ మాత్రం ముందు ఆ డబుల్‌ను అక్షర రూపంలోకి మార్చి, అందులోంచి 0.1నే తీసి ఇస్తుంది. రెండు నడవడులూ నియమబద్ధమైనవే. కానీ ఒకదానికి పేరు ఉండడం వల్ల అది వేరే పని చేస్తుందన్న సూచనైనా అందుతోంది.

ఈ సూచన ఎంత ఉపయోగకరమో 2014లో జావా 8తో వచ్చిన లోకల్‌డేట్ చూపిస్తుంది. దాని కన్‌స్ట్రక్టర్ ప్రైవేట్; బయటివారు ఆఫ్, ఆఫ్‌ఇయర్‌డే, ఆఫ్‌ఎపోక్‌డే, పార్స్ వంటి మెథడ్‌ల ద్వారానే తేదీని పొందాలి. సంవత్సరం, నెల, రోజు ఇస్తున్నామా, సంవత్సరంలో ఎన్నో రోజో చెబుతున్నామా, 1970 జనవరి 1 నుంచి గడిచిన రోజుల లెక్క ఇస్తున్నామా అన్నది పేరులోనే తెలిసిపోతుంది. ఇవన్నీ కన్‌స్ట్రక్టర్లే అయి ఉంటే పారామీటర్ల సంఖ్యనూ రకాన్నీ బట్టి చదివేవారే ఊహించుకోవాల్సి వచ్చేది.

ఫ్యాక్టరీ మెథడ్‌కు మరో రెండు వెసులుబాట్లున్నాయి. అది ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్ ఇవ్వనక్కర్లేదు. ఇంటీజర్.వాల్యూఆఫ్ -128 నుంచి 127 వరకు ఉన్న సంఖ్యలకు ముందే దాచి ఉంచిన ఆబ్జెక్ట్‌లనే తిరిగి ఇస్తుంది. న్యూ ఇంటీజర్ మాత్రం ఎన్నిసార్లు పిలిస్తే అన్ని కొత్తవి సృష్టిస్తుంది. అందుకే ఆ కన్‌స్ట్రక్టర్‌ను 2017లో జావా 9 వాడవద్దని గుర్తు పెట్టింది, 2021లో జావా 16 తొలగింపు జాబితాలోకి చేర్చింది. రెండోది, ఏ క్లాస్ ఆబ్జెక్ట్ ఇవ్వాలో ఫ్యాక్టరీ మెథడ్ తానే ఎంచుకోగలదు. ఈనమ్ విలువల సమితి అయిన ఈనమ్‌సెట్‌నే చూడండి: ఆ ఈనమ్ రకానికి ఉన్న మొత్తం విలువల సంఖ్య 64కు మించకపోతే ఒక్క లాంగ్‌లో (64 బిట్ల పూర్ణసంఖ్యలో) ఇమిడే ఒక క్లాస్, మించితే లాంగ్‌ల వరుస వాడే మరో క్లాస్ వస్తుంది. వాడేవారికి ఆ రెండింటి పేర్లు తెలియవలసిన పనే లేదు.

అయితే అన్నిటికీ ఫ్యాక్టరీ మెథడే పెడదామనేవారితో నేను ఏకీభవించను. కన్‌స్ట్రక్టర్లన్నీ ప్రైవేట్ చేస్తే బయటివారు ఆ క్లాస్ నుంచి సబ్‌క్లాస్ తీయలేరు. కొత్తగా చూసేవారికి న్యూ అని రాయగానే దారి దొరుకుతుంది గాని, ఫ్యాక్టరీ మెథడ్ ఏదో మిగతా మెథడ్‌ల మధ్య వెతుక్కోవాలి. రెండు మూడు వేర్వేరు రకాల విలువలు తీసుకుని వాటిని ఫీల్డ్‌లలో పెట్టుకునే చిన్న క్లాస్‌కు క్రియేట్ అనే మెథడ్ రాసి లోపల అదే కన్‌స్ట్రక్టర్‌ను పిలవడం వల్ల ఒరిగేదేమీ లేదు. విలువలను మోయడానికే ఉద్దేశించిన క్లాస్‌లైన రికార్డ్‌ల విషయంలో భాషే ఈ ఎంపికను కొంత కట్టడి చేస్తుంది: పబ్లిక్ రికార్డ్‌కు ప్రధాన కన్‌స్ట్రక్టర్ కూడా పబ్లిక్‌గానే ఉండాలి కాబట్టి, ఫ్యాక్టరీ మెథడ్ అదనపు దారి అవుతుందే తప్ప ఏకైక దారి కాలేదు.

సెట్టర్ల పద్ధతి నా తూకంలో అన్నిటికంటే తేలిపోతుంది. ఆరు సెట్టర్లలో నాలుగు పిలిచి ఆబ్జెక్ట్‌ను మరో మెథడ్‌కు పంపితే, అది పైకప్పు పడకముందే గృహప్రవేశం చేసినట్టే. లోపం ఎక్కడో దూరాన నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌గా (విలువ లేని చోటును వాడబోయినప్పుడు వచ్చే దోషంగా) బయటపడేసరికి దాని మూలం వెతకడం కష్టమవుతుంది. మరి డేటాబేస్ పట్టికలతో జావా క్లాస్‌లను కలిపే ప్రమాణమైన జేపీఏలోని క్లాస్‌లకు, అంటే ఎంటిటీలకు, పారామీటర్లు లేని కన్‌స్ట్రక్టర్ తప్పనిసరి కదా అంటే, అవును, కానీ అది ప్రొటెక్టెడ్‌గా ఉన్నా చాలు. దాన్ని ఫ్రేమ్‌వర్క్‌కు వదిలేసి, మన కోడ్ వాడేందుకు విలువలన్నీ అడిగే కన్‌స్ట్రక్టర్‌ను పక్కనే పబ్లిక్‌గా పెట్టుకోవచ్చు. ఆబ్జెక్ట్‌లను తానే సృష్టించి కలిపే స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లోనూ ఫీల్డ్‌ల మీద ఆటోవైర్డ్ అనే యానొటేషన్ పెట్టడం కన్నా కన్‌స్ట్రక్టర్ ద్వారా డిపెండెన్సీలు, అంటే తనకు కావలసిన ఇతర ఆబ్జెక్ట్‌లు, తీసుకోవడమే మేలు. క్లాస్‌కు ఒకే కన్‌స్ట్రక్టర్ ఉంటే 2016లో వచ్చిన స్ప్రింగ్ 4.3 నుంచి ఆ యానొటేషన్ కూడా అక్కర్లేదు. రెండు బీన్‌లు (స్ప్రింగ్ నిర్వహించే ఆబ్జెక్ట్‌లు) ఒకదానిపై ఒకటి ఆధారపడితే ఈ పద్ధతిలో అప్లికేషన్ మొదలవకుండానే ఆగిపోతుందని కొందరు ఫిర్యాదు చేస్తారు. ఆ చిక్కుముడి దాగకుండా మొదట్లోనే బయటపడడం నా దృష్టిలో లాభమే.

బిల్డర్ అవసరం పడేది ఐచ్ఛిక విలువలు ఎక్కువైనప్పుడు. 2018లో జావా 11తో వచ్చిన హెచ్‌టీటీపీ క్లయింట్‌లో ఒక రిక్వెస్ట్‌కు చిరునామా, హెడర్లు, టైమవుట్, మెథడ్, బాడీ ఇలా ఎన్నో ఉండవచ్చు. వాటి ప్రతి కలయికకూ ఒక కన్‌స్ట్రక్టర్ రాయడం సాధ్యం కాదు. బిల్డర్‌లో ప్రతి విలువకూ పేరుంటుంది, చివర బిల్డ్ పిలిచినప్పుడే ఇక మారని ఆబ్జెక్ట్ పుడుతుంది. దీనికి చెల్లించే మూల్యం మాత్రం చిన్నది కాదు. చిరునామా ఇవ్వకుండా బిల్డ్ పిలిచినా కంపైలర్ అభ్యంతరం చెప్పదు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది. అదే చిరునామాను కన్‌స్ట్రక్టర్ అడిగి ఉంటే ఆ తప్పు రాస్తున్నప్పుడే ఎర్రగీతతో కనిపించేది. అందువల్ల తప్పనిసరి విలువలను బిల్డర్ సృష్టించేటప్పుడే అడిగి, ఐచ్ఛికమైనవాటినే గొలుసు పిలుపులకు వదలడం నేను సిఫారసు చేసే మధ్యేమార్గం. పారామీటర్లు నాలుగు దాటనంత వరకు, అవి వేర్వేరు రకాలైనంత వరకు బిల్డర్ ఊసే అక్కర్లేదు. కోట్లిన్, పైథాన్ వాడేవారికి పేరుతో ఆర్గ్యుమెంట్ ఇచ్చే సదుపాయం, ముందే నిర్ణయించిన విలువలు భాషలోనే ఉన్నాయి కాబట్టి బిల్డర్ అవసరం వారికి అరుదు.

ఇక ఏ పద్ధతి ఎంచుకున్నా చివరికి ఏదో ఒక కన్‌స్ట్రక్టర్ నడవక తప్పదు. దాని లోపల ఎంత పని పెట్టవచ్చన్నది అందరూ అడిగే మరో ప్రశ్న. విలువల పరీక్ష, నింపడం వరకే చాలు. ఫైల్ తెరవడం, డేటాబేస్‌కు కనెక్ట్ కావడం వంటివి లోపల పెడితే, ఒక చిన్న టెస్ట్ కోసం ఆబ్జెక్ట్ సృష్టించాలన్నా ఆ ఫైలూ ఆ డేటాబేసూ ఉండితీరాలి; అలాంటి పని ఓపెన్, కనెక్ట్ వంటి పేరున్న ఫ్యాక్టరీ మెథడ్‌లో ఉండడమే మంచిది. సబ్‌క్లాస్ ఓవర్‌రైడ్ చేయగల, అంటే తన సొంత రూపంతో మార్చుకోగల, మెథడ్‌ను కన్‌స్ట్రక్టర్ నుంచి పిలవడం ఇంకా ప్రమాదం. జావాలో ఆ పిలుపు సబ్‌క్లాస్ మెథడ్‌కే చేరుతుంది, కానీ అప్పటికి సబ్‌క్లాస్ ఫీల్డ్‌లు నిండి ఉండవు కాబట్టి అది నల్‌నో సున్నానో చూస్తుంది; సీ++‌లో అదే పిలుపు బేస్ క్లాస్ రూపానికే వెళ్తుంది. 2025లో వచ్చిన జావా 25, పై క్లాస్ కన్‌స్ట్రక్టర్‌ను నడిపే సూపర్ పిలుపుకు ముందే ఆర్గ్యుమెంట్లను పరీక్షించడానికీ, సొంత ఫీల్డ్‌లకు విలువ ఇవ్వడానికీ అనుమతించింది. ఆ వెర్షన్‌కు మారినవారు సబ్‌క్లాస్ ఫీల్డ్‌లను సూపర్‌కు పైన నింపుకుంటే ఈ నల్ సమస్య తప్పుతుంది. పాత వెర్షన్లలో ఉన్నవారు ఆ మెథడ్‌ను ఫైనల్‌గానో ప్రైవేట్‌గానో ప్రకటించాలి.