మోకాలి నొప్పికి బోస్వెల్లియా క్యాప్సూల్: డబ్బా వెనక్కి తిప్పి చూడండి

మెట్లు దిగేటప్పుడు చిప్ప వెనక సన్నగా పీకుతుంది, ఎక్స్‌రే తీస్తే ఏమీ ఉండదు. ఇలాంటి మోకాళ్లకు కూడా బోస్వెల్లియా క్యాప్సూళ్లు అమ్ముతారు. లోపల ఉండేది అందుగు చెట్టు బంక సారం. సాంబ్రాణి జాతిదే.

డబ్బా ముందు 500 మి.గ్రా. అని పెద్దక్షరాలుంటాయి. వెనక ‘బోస్వెల్లిక్ ఆమ్లాలు 65 శాతం’ అని ఉంటుంది. ఈ రెండూ చూసి మోసపోవద్దు. వాపు మీద గట్టిగా పనిచేస్తుందని పరిశోధకులు చెప్పేది వాటిలో ఏకేబీఏ (AKBA) అనే ఒక్క ఆమ్లం, మామూలు సారంలో అది కొద్ది శాతమే. 3 శాతం ఉందనుకున్నా 500 మి.గ్రా.లో వచ్చేది 15 మి.గ్రా. విజయవాడ లైలా కంపెనీ వాళ్ల 5-లాక్సిన్ అనే బోస్వెల్లియా సారంలో ఏకేబీఏ 30 శాతం, అంటే 100 మి.గ్రా.లోనే 30. ఏకేబీఏ ఎంతో అచ్చు వేయని డబ్బా కొనడం దండగ.

5-లాక్సిన్‌ను 2008లో వచ్చిన అధ్యయనంలో 75 మందిపై 90 రోజులు పరీక్షించారు. నొప్పి తగ్గిందన్నారు. కానీ వాళ్లు కీళ్ల అరుగుదల ఉన్న రోగులు, రచయితల్లో కంపెనీవాళ్లూ ఉన్నారు. ఆరోగ్యంగా ఉండి కాస్త నొప్పి ఉన్నవాళ్లకూ అంతే ఫలితం వస్తుందని దీన్నిబట్టి చెప్పలేం.

పైగా మోకాలి నొప్పి, మందేమీ లేని ఉత్తుత్తి మాత్రకూ తగ్గుతుంది. 2006లో అమెరికాలో, కీళ్ల నొప్పికి అమ్మే గ్లూకోసమైన్‌పై 1,583 మందితో చేసిన పరీక్షలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 60 శాతం మందికి నొప్పి కనీసం 20 శాతం తగ్గింది! అమ్మేవాళ్లు చెప్పే ‘వారంలోనే తేడా’ అన్న మాటను అందుకే పట్టించుకోనక్కర్లేదు.

డబ్బా విప్పకముందే రెండు వారాలు లెక్క రాయండి. రోజూ ఒకే వేళకు, అవే చెప్పులతో, అవే 20 మెట్లు ఎక్కి దిగి, నొప్పికి 0 నుంచి 10లో ఒక అంకె వేయండి. నొప్పి మాత్ర వేసుకున్న రోజు పక్కన గుర్తు పెట్టండి. తర్వాత 90 రోజులు క్యాప్సూల్, ఆపాక నాలుగు వారాలు మళ్లీ లెక్క. ఈలోగా కొత్త వ్యాయామం మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో తేలదు. వారం సగటు మొదటి లెక్కకన్నా కనీసం 2 తగ్గకపోతే మళ్లీ కొనొద్దు.

ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి పట్టేది బాగా తగ్గుతుంది, ఈ ఆమ్లాలకు కొవ్వు తోడు కావాలి. నెయ్యి వేసుకున్న పప్పన్నం తిన్నాక వేసుకోండి. కొందరికి ఛాతీలో మంట, విరేచనాలు వస్తాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. మోకాలు వాచినా, పట్టేసినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా ఈ పరీక్షలన్నీ పక్కనపెట్టి ఎముకల డాక్టరుకు చూపించాలి.

గ్లూకోసమైన్ కలిపిన డబ్బాలు ఈ పరీక్షకు పనికిరావు, ఏది పనిచేసిందో తెలియదు. పైగా గ్లూకోసమైన్‌ను చాలావరకు రొయ్య, పీత పెంకుల నుంచే తీస్తారు. శాకాహారులు, రొయ్యలు పడనివాళ్లు పచ్చచుక్క ఉందో లేదో చూసుకోవాలి.