ట్రావెల్ స్క్రాప్‌బుక్ కిట్: విశాఖ చెమ్మకి ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

తొట్లకొండ, బొజ్జన్నకొండ బౌద్ధ క్షేత్రాలు, భీమిలి తీరం తిరిగొచ్చాక తీసిన ఫోటోలు ఫోన్లోనే మగ్గిపోతాయి. వాటిని ప్రింటు తీయించి, టిక్కెట్లతో, నాలుగు మాటల రాతతో ఒక పుస్తకంలో అమర్చుకోవాలనుకునేవాళ్ల కోసం రెడీమేడ్ స్క్రాప్‌బుక్ కిట్లు వస్తున్నాయి. జగదాంబ సెంటర్లో కొన్నా, ద్వారకానగర్లో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించినా పెట్టె మీద పేరు మారుతుందేగానీ లోపలి సరుకు దాదాపు ఒకటే. గట్టి అట్ట, స్పైరల్ బైండింగ్, A4 సైజు నల్ల షీట్లు 40, మెటాలిక్ పెన్నులు, ఒక గమ్ స్టిక్, అంచులు వంకీలుగా కోసే కత్తెర, స్టిక్కర్లు, ఫోటో కార్నర్లు (ఫోటో మూలలకి తొడిగే చిన్న జేబులు) ఒకటి రెండు షీట్లు. ధర సుమారుగా 500 నుంచి 900 రూపాయల దాకా. ఏ కంపెనీది విప్పినా చూడాల్సినవి మూడే: కాగితం, జిగురు, వెన్ను (బైండింగ్ ఉన్న వైపు). తక్కినదంతా హంగు.

ఆ హంగు సంగతి ముందే తేల్చేద్దాం. స్టిక్కర్లలో ఈఫిల్ టవర్, విమానం, సూట్‌కేసు, ఇంగ్లీషు అక్షరాలు 26 ఉంటాయి. స్తూపం లేదు, గాలిగోపురం లేదు, తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. బావికొండ బౌద్ధ స్తూపం పేజీలో ఈఫిల్ టవర్ అంటించుకునే ఉద్దేశం ఉంటే తప్ప వాటికి డబ్బు దండగ. వంకీల కత్తెర కూడా అంతే. అలంకారం కోసం పెట్టే రంగు కాగితాన్ని కోయడానికి పనికొస్తుంది, ఫోటో మీద మాత్రం ఆడించకూడదు. ఫోటో అంచు ఒకసారి పోతే మళ్లీ రాదు.

ఇక కాగితం. అట్ట మీద ‘యాసిడ్-ఫ్రీ’ అని, అంటే కాగితాన్ని పాడుచేసే ఆమ్లం లేనిదని రాసి ఉంటుంది. తెల్ల కాగితమైతే పీహెచ్ పెన్నుతో ఒక గీత గీసి చూడొచ్చు: గీత ఊదారంగుకి తిరిగితే మంచిది, పసుపుగా ఉండిపోతే ఆమ్లం ఉన్నట్టు. నల్ల కాగితం మీద ఆ రంగు కనపడదు కాబట్టి ఈ పరీక్ష కుదరదు. దానికి బదులు ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. తెల్ల టిష్యూని తడిపి, పిండేసి, చివరి షీటు మూల మీద పరిచి, పైన బరువు పెట్టి పది నిమిషాలు ఉంచండి. టిష్యూకి నలుపు అంటితే ఆ రంగు కాగితంలో సరిగా పట్టలేదన్నమాట. పొడి ఊళ్లో ఇది పెద్ద లోపం కాకపోవచ్చు. సముద్రపు గాలి తగిలే విశాఖలో ఆ నలుపు నెమ్మదిగా టిక్కెట్ల వెనక్కీ, ఫోటోల తెల్ల అంచులకీ దిగుతుంది. కాగితం 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) కన్నా తగ్గకూడదు. చవక కిట్లలో 120 దగ్గరే ఆపేస్తారు. పట్టుకుంటే బాగానే ఉన్నట్టుంటుంది, ఒకవైపు నాలుగు ఫోటోలు పడగానే అప్పడంలా వంగుతుంది.

వంగడానికి అసలు కారణం బరువు కాదు. ల్యాబ్ ఇచ్చే ఫోటో కాగితానికి రెండు వైపులా ప్లాస్టిక్ పూత ఉంటుంది, అందుకని అది తేమని అంతగా పీల్చదు. పేజీ మాత్రం పీల్చి సాగుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. ఫోటో వెనకంతా జిగురు పూస్తే సాగేదాన్నీ సాగనిదాన్నీ కట్టి పడేసినట్టే, ఇక పేజీ మెలికలు తిరగక ఏం చేస్తుంది? కాబట్టి కిట్‌లో అందరికీ ముందు కనపడే గమ్ స్టిక్కే అందులో అన్నిటికన్నా పనికిరాని వస్తువు. పైగా అది కాగితానికి కాగితాన్ని పట్టుకుంటుందిగానీ ఫోటో వెనకున్న ప్లాస్టిక్ పూతని గట్టిగా పట్టుకోదు. ముందు మూలలు లేస్తాయి, తర్వాత పేజీ తిప్పినప్పుడల్లా ఫోటో జారుతుంది. నీళ్ల జిగురు, తెల్ల జిగురు వాడితే పేజీ అక్కడికక్కడే ముడతలు పడుతుంది. గ్లూ గన్ ఎత్తుగడ్డలు మిగులుస్తుంది, ఎదుటి పేజీ ఫోటో మీద ఆ గడ్డల అచ్చు పడుతుంది. సెల్లో టేపు సంగతి చెప్పనక్కర్లేదు, పాత పుస్తకాల్లో పసుపు చారలు అందరూ చూసినవే. స్టేషనరీ కొట్లలో దొరికే మామూలు డబుల్ టేపులో చాలావరకు రబ్బరు జిగురు ఉంటుంది. మే నెల వేడికి అది మెత్తబడి అంచుల్లోంచి కారుతుంది, దుమ్ము పట్టి నల్ల గీతలవుతుంది. డబుల్ టేపే కావాలంటే అక్రిలిక్ జిగురుదని లేబుల్ మీద ఉన్నది తీసుకుని, ఫోటోకి కాకుండా రాత కాగితాలకి, మ్యాపులకి వాడండి.

ఫోటోకి కార్నర్లే సరి. ఫోటోకి జిగురు తగలదు, పేజీ సాగినా ముడుచుకున్నా ఫోటో తన చోట తేలుతూ ఉంటుంది, కావాలంటే బయటికి తీసి మళ్లీ పెట్టొచ్చు. లెక్క మాత్రం చూసుకోవాలి. 40 షీట్లంటే 80 పేజీలు, పేజీకి ఒక్క ఫోటో పెట్టినా 320 కార్నర్లు. కిట్‌లో వచ్చేవి అందులో మూడో వంతు కూడా ఉండవు, విడిగా రెండు మూడు ప్యాకెట్లు కొనాల్సిందే. అంటించే పద్ధతి: నాలుగు మూలలకీ ముందు కార్నర్లు తొడిగి, వెనక పొర తీసి, ఫోటోతో సహా పేజీ మీద పెట్టి నొక్కాలి. ముందే పేజీ మీద అంటించి తర్వాత ఫోటో దూర్చబోతే నూటికి తొంభైసార్లు కొలత తప్పుతుంది. తొడిగేటప్పుడు ప్రతి మూలా అర మిల్లీమీటరు వదులు ఉంచండి. బిగుతుగా ఉంటే తేమ రోజున ఫోటో మధ్యలో విల్లులా లేస్తుంది.

వెన్ను దగ్గర లెక్క ఇంకా కచ్చితం. ల్యాబ్ ఫోటో మందం దాదాపు పావు మిల్లీమీటరు. షీటుకి రెండు వైపులా పెడితే అర మిల్లీమీటరు, 40 షీట్లకి 20 మిల్లీమీటర్లు అదనం. స్పైరల్ చుట్ట ఖాళీ షీట్ల మందానికి సరిపోయేలా వేసిందే, ఈ రెండు సెంటీమీటర్లకి అందులో చోటు లేదు. అందుకే ఈ పుస్తకాలు సగం నిండేసరికే మొసలిలా నోరు తెరుస్తాయి. అట్ట మూయడానికి బలంగా నొక్కితే పేజీల రంధ్రాలు చిరుగుతాయి. దీనికి చవకైన విరుగుడు ఉంది. ఒక షీటు విడిచి ఒక షీటుని వెన్ను దగ్గర అంగుళం ముక్క మిగిల్చి కోసేయండి. మిగిలిన ఆ ముక్కే రెండు పేజీల మధ్య మెత్తలా పనిచేస్తుంది, కోసిన షీట్లు ఫోటో వెనక అట్టగా, రాత కార్డులుగా ఉపయోగపడతాయి. పుస్తకం 20 షీట్లకి తగ్గుతుంది, అయినా రెండు మూడు యాత్రలకి అది చాలు. ఖర్చుకి వెనకాడనివాళ్లు స్క్రూ పోస్టు ఆల్బమ్ చూడొచ్చు. వెన్నులో మరలు ఉంటాయి కాబట్టి షీట్లు తీసి వరస మార్చుకోవచ్చు, పోస్టు పొడవు పెంచుకోవచ్చు. సముద్రం దగ్గర ఇళ్లలో ఆ మరలు ఇనుమువైతే తుప్పు పడతాయి, ఇత్తడివో స్టీలువో అడిగి తీసుకోండి.

కొన్ని కిట్లలో ప్లాస్టిక్ పాకెట్లు కూడా ఇస్తారు. వాసన చూడండి. కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే అది పీవీసీ, ఫోటో దగ్గరికి రానివ్వకండి, కాలం గడిచేకొద్దీ ఫోటోకి అతుక్కుపోతుంది. పాలీప్రొపిలీన్, పాలియెస్టర్ అయితే ఇబ్బంది లేదు. ఒకప్పటి పెళ్లి ఆల్బమ్‌ల తరహాలో జిగురు చారల మీద ఫోటో పెట్టి పై పొర మూసే రకం ఇప్పటికీ అమ్ముతున్నారు, అసలు వద్దు.

ప్రింటు విషయంలో ల్యాబ్‌ వాళ్లకి చెప్పాల్సినవి ఉన్నాయి. ఫోన్ ఫోటో కొలతల నిష్పత్తి సాధారణంగా 4:3, ల్యాబ్ కాగితం 4×6 అంటే 3:2. ఏమీ చెప్పకపోతే యంత్రం తనంతట తాను 11 శాతం కోసేస్తుంది. అడ్డంగా తీసిన ఫోటోలో అది పైనా కిందా పోతుంది, అంటే స్తూపం కొసో మనుషుల పాదాలో మాయం. ‘కట్ చెయ్యొద్దు, తెల్ల అంచు వదిలి మొత్తం వెయ్యండి’ అని ఒక మాట చెబితే చాలు. ఫైలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు సుమారు 1600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. 4×6కి అది ఎలాగోలా సరిపోతుంది, 8×12కి చాలదు. డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్ డ్రైవ్ ఇవ్వండి. గ్లాసీ కన్నా మ్యాట్ తీసుకోండి: తేమలో గ్లాసీ ఫోటోలు ఒకదానికొకటీ, పాకెట్‌కీ అతుక్కునే ప్రమాదం ఎక్కువ. ఇంట్లో ఇంక్‌జెట్ మీద తీసుకునేవి రంగు డై ఇంకువైతే చెమట చేయి తగిలితే చాలు, కారిపోతాయి.

జేబు ప్రింటర్ల 2×3 అంగుళాల జింక్ (Zink, ఇంకు లేకుండా వచ్చే) ఫోటోలు సరదాగా ఉంటాయి, వెనక స్టిక్కరు కూడా ఉంటుంది. అయితే వాటి రంగు పుట్టేదే వేడితో, కాబట్టి వేడి లామినేషన్ చేయిస్తే పాడవుతాయి. ఇన్‌స్టాక్స్ మినీ (తీసిన వెంటనే ప్రింటు ఇచ్చే కెమెరా) ఫోటోల అంచులు కోయకూడదు, లోపల రసాయనం ఉంటుంది. మందం కూడా ఎక్కువ, పేజీకి ఒకటి మించితే వెన్ను మళ్లీ నోరు తెరుస్తుంది.

టిక్కెట్లకి వేరే జాగ్రత్త కావాలి. ఆర్టీసీ టిమ్ మెషిన్ టిక్కెట్టు, చాలాచోట్ల ఇచ్చే రసీదులు థర్మల్ కాగితం. వెలుగుకి, వేడికి, పీవీసీ కవరుకి రాత ఎగిరిపోతుంది, ఏడాది రెండేళ్లలో తెల్ల కాగితం మిగులుతుంది. అదే రోజు స్కాన్ చేసి లేజర్ ప్రింటు తీసి దాన్ని అతికించండి. అసలుది ఉంచుకోవాలనిపిస్తే వెనక కాగితపు కవరులో వేయండి.

ఇప్పుడు మన చుట్టుపక్కల చోట్లకి ఈ పుస్తకం ఎంతవరకు సరిపోతుందో చూద్దాం. తొట్లకొండ మీంచి సముద్రం, స్తూపం కలిపి తీసిన పనోరమా A4 పేజీలో పట్టదు. ఒక 8×12 ప్రింటు మీద రెండు పనోరమాలు వేయించి నిలువునా కోస్తే 4×12 ముక్కలు రెండు వస్తాయి, ఖర్చు ఒక్క ప్రింటుదే. 12 అంగుళాలు పేజీ దాటుతుంది కదా అని మడవకండి, పై పొర పగిలి తెల్ల గీత పడుతుంది. మధ్యకి కోసి, రెండు ముక్కల మధ్య 2 మిల్లీమీటర్లు వదిలి, వెనక పలచని కాగితపు పట్టీ అంటిస్తే కీలులా మడుచుకుంటుంది. దాని పక్కన రాతలో కొండకి పేరు తెచ్చిన రాతి తొట్లని మరిచిపోకండి. అందరూ స్తూపాన్నే తీస్తారు, తొట్లని తీసేవాళ్లు తక్కువ.

అనకాపల్లి దగ్గర శంకరంలో రెండు గుట్టలున్నాయి, తూర్పున బొజ్జన్నకొండ, పడమర లింగాలకొండ. 1906-07లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వించాడు. కొండని తొలిచి చేసిన స్తూపాలూ, చుట్టూ ఉన్న రాయీ ఒకే గోధుమ రంగు కాబట్టి మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటో చదునుగా పడుతుంది. నల్ల పేజీ దానికి కాస్త లోతు ఇస్తుంది, కిట్ నల్లకాగితానికి ఇక్కడ మాత్రం మార్కులు వేయాలి. కురుసుర జలాంతర్గామి లోపల వెలుతురు తక్కువ, ఫోటోలో గింజ (చుక్కలు చుక్కలుగా గరుకుదనం) కనిపిస్తుంది. 4×6 దాటించకండి. సింహాచలం గుడి లోపల ఫోటోలు తీయనివ్వరు, ఆ పేజీ బయటి గోపురం, మెట్లదారి ఫోటోలతో, రాతతో నిండాలి. కుంకుమ, చందనం పొట్లాలు పేజీలో పెట్టొద్దు, పొడి రాలి ఎదుటి ఫోటోని గీకుతుంది. రుషికొండ ఇసుక కూడా వద్దు, దానిలో ఉప్పు గాలిలో తేమని లాగుతుంది. తొట్లకొండ ఇటుక ముక్క, పెంకు ముక్క లాంటివి జేబులో వేసుకోవడం నేరం కూడా.

పెన్నుల్లో వెండి, బంగారు రంగులు అట్ట మీద చూసినంత వెలగవు. తెల్ల జెల్ పెన్ను ఒకటి విడిగా కొనండి, 0.8 మిల్లీమీటర్ల మొన ఉన్నది. తెలుగు అక్షరం 5 మిల్లీమీటర్ల కన్నా చిన్నగా రాస్తే ఘ, ఝ, ఒత్తులు పూడిపోయి చుక్కలవుతాయి. వానాకాలంలో జెల్ ఇంకు ఆరడానికి పావుగంట పట్టొచ్చు, వెంటనే పేజీ మూస్తే ఎదుటి ఫోటో మీద అచ్చు పడుతుంది. ఫోటో వెనక బాల్ పెన్నుతో రాయకండి, ముందువైపు గీతలు లేస్తాయి.

పెట్టే చోటు కూడా చూసుకోవాలి. బయటి గోడకి ఆనుకున్న అల్మారా వద్దు. పుస్తకం పడుకోబెట్టి, పైన బరువు లేకుండా, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. నారింజ రంగు గింజలు రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడొచ్చు. డబ్బాలో కలరా ఉండలు వేయకండి.

మొత్తం మీద కిట్‌కి 5కి 2 ఇవ్వొచ్చు. బడి ప్రాజెక్టుకైతే బాగానే ఉంటుంది. పదేళ్లు ఉండాలనుకుంటే విడివిడిగా కొనడమే మేలు: 200 జీఎస్‌ఎం నల్ల షీట్ల ఉత్త పుస్తకం, కార్నర్లు మూడు ప్యాకెట్లు, తెల్ల జెల్ పెన్ను, అక్రిలిక్ టేపు ఒక చుట్ట. మంచి కిట్ ధరకే ఇవన్నీ వచ్చేస్తాయి, ఈఫిల్ టవర్ ఒక్కటే రాదు. అతికించే ముందు ప్రతి టిక్కెట్టూ, ప్రతి రాతా ఒకసారి స్కాన్ చేసి ఊరి బయట ఉన్న ఎవరి దగ్గరైనా ఒక కాపీ ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఊరు ఇది.