సోషియాలజీ విద్యార్థికి ఏది మేలు: స్కాలర్‌షిప్పా, ఫెలోషిప్పా, ప్రైజా?

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలోనో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లోనో సోషియాలజీ చదివే విద్యార్థికి డబ్బు వచ్చే దారులు మూడు రకాలు. సర్టిఫికెట్లు చూపిస్తే వచ్చే స్కాలర్‌షిప్ ఒకటి, పరీక్ష నెగ్గితే వచ్చే ఫెలోషిప్ ఇంకొకటి, రాసిన పేపర్‌కి వచ్చే ప్రైజ్ మూడోది. ఏది మేలు అని అడిగేవాళ్లు ఎక్కువగా మొత్తం ఎంతో చూస్తారు. నేనైతే ముందు అడిగేది వేరు: ఆ డబ్బు ఏ నెలలో చేతికొస్తుంది, ఎన్నాళ్లు వస్తుంది? లిస్టులో పేరుండి కూడా మెస్ బిల్లు కట్టలేక సెమిస్టర్ మధ్యలో ఊరెళ్లిపోయిన పిల్లలున్నారు. నెలకు ఎనిమిది వేలతో పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లూ ఉన్నారు.

డిగ్రీ పిల్లల సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. ఇంటర్‌లో బోర్డు పాసైనవాళ్లలో పై 20 శాతంలో ఉండి, ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకపోతే కేంద్రం ఇచ్చే పీఎం-యూఎస్‌పీ స్కాలర్‌షిప్ ఉంది. డిగ్రీలో ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు. టెన్త్, ఇంటర్ రెండూ సర్కారు బడిలో, సర్కారు కాలేజీలో చదివిన అమ్మాయి అయితే అజీమ్ ప్రేమ్‌జీ స్కాలర్‌షిప్ చూడాలి. ఏడాదికి 30 వేలు, కోర్సు ఉన్నంతకాలం. ఈ రెండింట్లో ఆడపిల్లలకు రెండోదే మేలని నా అభిప్రాయం. అయితే డిగ్రీ మొదటి ఏడాదిలోనే అప్లై చేయాలి, ఆ తర్వాత గుర్తొచ్చినా లాభం లేదు.

ఎంఏలో: ఈపాస్ మేలా, యూజీసీ పీజీ స్కాలర్‌షిప్ మేలా?

తెలంగాణ ప్రభుత్వం స్కాలర్‌షిప్‌లు ఇచ్చే ఈపాస్‌లో రెండు ముక్కలున్నాయి. ఆర్‌టీఎఫ్ అంటే ఫీజు రీయింబర్స్‌మెంట్, ఎంటీఎఫ్ అంటే తిండికీ హాస్టల్‌కీ ఇచ్చేది. ఎస్సీ, ఎస్టీలకు ఇంటి ఆదాయం 2 లక్షలు దాటకూడదు. బీసీలకు, ఈబీసీలకు ఊళ్లో అయితే 1.5 లక్షలు, పట్నంలో అయితే 2 లక్షలు. మీసేవ నుంచి కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా, 75 శాతం హాజరు ఉండాలి. ఆన్‌లైన్‌లో నింపడంతో పని అయిపోదు. హార్డ్ కాపీ కాలేజీ ఆఫీసులో ఇవ్వాలి, అక్కడివాళ్లు తమ లాగిన్ నుంచి పైకి పంపాలి. స్టేటస్ చూసినప్పుడు దరఖాస్తు ఇంకా కాలేజీ దగ్గరే ఉందని తెలిస్తే ఎవరో ఒకరు చూసుకుంటారులే అని ఊరుకోకండి. మర్నాడే వెళ్లి ఆ సెక్షన్‌లో అడగండి.

దీని గొప్పతనం ఏమిటంటే పోటీ లేదు. అర్హత ఉంటే చాలు, ఎంతమంది ఉన్నా అందరికీ హక్కే. కూలి పనిచేసే ఇంటి నుంచి మొట్టమొదట యూనివర్సిటీ గడప తొక్కిన పిల్లల్లో చాలామంది ఈ రీయింబర్స్‌మెంట్ లేకపోతే వచ్చేవాళ్లే కాదు. లోపం కూడా అందరికీ తెలిసిందే. బకాయిలు చెల్లించాలని 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్‌కే దిగాయి. ఆ బకాయిల భారం చివరికి విద్యార్థి మీదే పడుతుంది. కోర్సు అయిపోయాక టీసీ కోసం వెళ్తే, ప్రభుత్వం నుంచి రాలేదు కాబట్టి ముందు నువ్వు కట్టు, వచ్చాక ఇస్తాం అంటారు. ఉద్యోగం లేని పిల్ల ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చే నేషనల్ పీజీ స్కాలర్‌షిప్ అలాంటిది కాదు. నెలకు 15 వేలు, ఏడాదికి 10 నెలలు, రెండేళ్లు. అంటే ఏడాదికి 1.5 లక్షలు, నేరుగా విద్యార్థి ఖాతాలోకి. దేశం మొత్తం మీద 10 వేల మందికే ఇస్తారు, డిగ్రీ మార్కులు చూస్తారు. పీజీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లే, రెగ్యులర్‌గా చదివేవాళ్లే అప్లై చేయాలి. దూరవిద్యలో చదివేవాళ్లకు లేదు.

డిగ్రీలో మంచి మార్కులుంటే ఎంఏలో చేరిన నెల నుంచే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ చూస్తూ ఉండండి, ఇదే మేలు. నెలకు 15 వేలంటే తార్నాక వైపు షేరింగ్ రూములో ఉండి, తిని, పుస్తకాలు కొనుక్కుని, సాయంత్రం పార్ట్‌టైమ్ ఉద్యోగానికి పోకుండా లైబ్రరీలో కూర్చోవచ్చు. మార్కులు అంతంతమాత్రమైతే దాని మీద ఆశపెట్టుకుని ఈపాస్ గడువు పోగొట్టుకోవద్దు. రెండూ వస్తే రెండూ ఉంచుకోవచ్చని కూడా మీ అంతట మీరు అనుకోవద్దు. ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఆ ఒక్క నిబంధన చదవకుండా ఫారం నింపకండి.

పీహెచ్‌డీకి: జేఆర్‌ఎఫ్ ముందు మిగతావన్నీ దిగదుడుపే

ఇక్కడ నా మాట సూటిగా చెప్తాను. సోషియాలజీలో పరిశోధన చేయాలనుకుంటే, యూజీసీ నెట్ పరీక్షలో పైవరుసలో నెగ్గినవాళ్లకు ఇచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)కి సాటి వచ్చేది ఏదీ లేదు. మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత సీనియర్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్)గా 42 వేలు, మొత్తం ఐదేళ్లు. హాస్టల్‌లో లేకపోతే ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) వేరే. హైదరాబాద్ పెద్ద నగరాల ఎక్స్ తరగతిలో ఉంది కాబట్టి ఆ రేటు కూడా ఎక్కువే. పరిశోధన ఖర్చుల కోసం ఇచ్చే కంటింజెన్సీ మొదటి రెండేళ్లు ఏడాదికి 10 వేలు, తర్వాత 20,500.

అయినా జేఆర్‌ఎఫ్‌ని అంతలా మెచ్చుకునేది 37 వేల కోసం కాదు, ఆ ఐదేళ్ల కోసం. మన సబ్జెక్టులో పని జరిగేది ల్యాబ్‌లో కాదు, మనుషుల దగ్గర. గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసే ఆడవాళ్ల మీద పరిశోధన అనుకోండి. వాళ్లు నాలుగైదు ఇళ్లు ముగించుకుని బస్తీకి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. వచ్చాక వండుకోవాలి, నీళ్లు పట్టుకోవాలి. మొదటి రోజే రికార్డర్ పెడితే ఎవరూ మనసు విప్పి మాట్లాడరు. పదిసార్లు వెళ్లి కూర్చున్నాక మాట మొదలవుతుంది. గంట ఇంటర్వ్యూని వింటూ మాట పొల్లుపోకుండా కాగితం మీద పెట్టడానికి ఐదారు గంటలు పడుతుంది. సమాజశాస్త్రవేత్త ఎస్‌.సి. దూబే ఉస్మానియాలో ఉన్న రోజుల్లో శామీర్‌పేటను అధ్యయనం చేసినప్పుడు యూనివర్సిటీలోని వేర్వేరు విభాగాల వాళ్లంతా కలిసి ఊళ్లో పనిచేశారు. ఈరోజు పీహెచ్‌డీ విద్యార్థి ఒంటరిగా అదే రకం పని చేయాలి. రెండేళ్లకు డబ్బు ఆగిపోతే ఫీల్డ్‌వర్క్ సగంలో ఆగుతుంది.

జేఆర్‌ఎఫ్‌లో కష్టం రెండు చోట్ల ఉంది. మొదటిది పరీక్ష. నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ సైకిళ్లలో జరుగుతుంది. మూడు గంటల్లో 150 ప్రశ్నలు, 300 మార్కులు, నెగటివ్ మార్కులు లేవు. రాసినవాళ్లలో 6 శాతం మందినే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు తీసుకుంటారు, జేఆర్‌ఎఫ్ వచ్చేది వాళ్లలోనూ కొద్దిమందికే. పేపర్ ఇంగ్లిష్‌లో, హిందీలో మాత్రమే ఉంటుంది. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు సోషియాలజీకి పునాది వేసిన వెబర్, డర్క్‌హైమ్‌ల ఆలోచన తెలుగులో చక్కగా చెప్పగలిగి కూడా ప్రశ్నలోని మెలిక అర్థంకాక మార్కులు పోగొట్టుకుంటున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. అలాంటివాళ్లు ఎంఏ మొదటి సెమిస్టర్ నుంచే పాత ప్రశ్నపత్రాలు ఇంగ్లిష్‌లో చేయడం మొదలుపెట్టాలి. ఫైనలియర్ దాకా ఆగితే ఆలస్యమవుతుంది.

రెండో కష్టం డబ్బు వచ్చాక మొదలవుతుంది. ప్రతినెలా స్కాలర్ హాజరును యూనివర్సిటీలో ఒకరు కెనరా బ్యాంకు పోర్టల్‌లో ఎక్కిస్తే, ఇంకొకరు సరిచూసి ఖాయం చేయాలి. ఆ ఇద్దరిలో ఒకరు సెలవులో ఉన్నా ఆ నెల డబ్బు ఆలస్యమవుతుంది. గైడ్ సంతకం, నెల క్లెయిమ్ ఫారం గడువు లోపల ఇచ్చే అలవాటు చేసుకున్నవాళ్లకు ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

జేఆర్‌ఎఫ్ రాకపోతే? నెట్ క్వాలిఫై అయిన ఎస్సీ విద్యార్థులకు ఎన్‌ఎఫ్‌ఎస్‌సీ అనే జాతీయ ఫెలోషిప్ ఉంది, ఏడాదికి 2 వేల మందికి. ఓబీసీలకు ఎన్‌ఎఫ్‌ఓబీసీ, వెయ్యి మందికి. ఇచ్చే డబ్బు జేఆర్‌ఎఫ్‌తో సమానం. నెట్ ఫారం నింపేటప్పుడు కేటగిరీ గడి అశ్రద్ధగా దాటేయకండి, ఆ ఒక్క గడి మీద ఐదేళ్లు ఆధారపడతాయి. ఇంట్లో ఒక్కతే సంతానమైన అమ్మాయి పీహెచ్‌డీలో చేరితే సావిత్రీబాయి జోతీరావ్ ఫూలే ఫెలోషిప్‌కి అప్లై చేయవచ్చు. మైనారిటీ విద్యార్థులకు ఉండిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ని కేంద్రం 2022లో ఆపేసింది. పాతబస్తీ నుంచి, ఉర్దూ యూనివర్సిటీ మానూ నుంచి పరిశోధనకు వచ్చే అమ్మాయిలకు ఆ తలుపు మూసుకుపోయింది. దాని స్థానంలో అలాంటిదేదీ పెట్టకపోవడం అన్యాయం.

ఇక ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజికశాస్త్ర పరిశోధన మండలి) ఇచ్చే డాక్టోరల్ ఫెలోషిప్. అప్పటికే పీహెచ్‌డీలో రిజిస్టర్ అయి ఉండాలి. నెలకు 20 వేలు, ఏడాదికి మరో 20 వేలు కంటింజెన్సీ, రెండేళ్లు. నెల లెక్క చూస్తే జేఆర్‌ఎఫ్‌లో సగం పైచిలుకు. కానీ ఇక్కడ చూసేది మీ సినాప్సిస్, అంటే పరిశోధన ప్రణాళిక. నాలుగు ఆప్షన్లలో టిక్ పెట్టడం రాకపోయినా, మంచి ప్రశ్న పట్టుకుని దాన్ని ఎలా వెతుకుతారో రాయగలిగినవాళ్లకు ఇది అనువైనది. ఐసీఎస్‌ఎస్‌ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. ఒకసారి వెళ్లి కనుక్కోవడం ఈ ఊరివాళ్లకు సులువు.

ఏదీ రానివాళ్లకు చేరే చోటే కీలకం. హెచ్‌సీయూ వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఫెలోషిప్ లేని పీహెచ్‌డీ స్కాలర్‌కి నెలకు 8 వేలు నాన్-నెట్ ఫెలోషిప్ ఇస్తారు. ఉస్మానియా రాష్ట్ర విశ్వవిద్యాలయం కాబట్టి ఆ పథకం దానికి వర్తించదు. ఎనిమిది వేలు ఏళ్ల తరబడి పెరగని మొత్తమే. అయినా చేతిలో ఏ ఫెలోషిప్పూ లేకుండా రెండు చోట్లా సీటు వస్తే, గైడ్ విషయంలో పెద్ద తేడా లేనప్పుడు హెచ్‌సీయూకే వెళ్లమంటాను.

ప్రైజుల కోసం కష్టపడాలా?

డబ్బు కోసమే అయితే వద్దు. గోల్డ్ మెడల్, బెస్ట్ పేపర్ అవార్డు అద్దె కట్టవు. కానీ ఈ మూడు దారుల్లో సోషియాలజీ చేయించేది ఇదొక్కటే. భారత సమాజశాస్త్ర సంఘం 1951 నుంచి ఉంది, దాని అఖిల భారత సదస్సులో విద్యార్థులు కూడా పేపర్ చదవచ్చు. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ పేరు మీద యువ పరిశోధకుల వ్యాసానికి ప్రైజ్ ఉంది. అంతర్జాతీయ సమాజశాస్త్ర సంఘం తన ప్రపంచ మహాసభకు ముందు యువ సోషియాలజిస్టులకు వ్యాసాల పోటీ పెడుతూ వస్తోంది. ఎంఏ డిసర్టేషన్‌ని సానపెట్టి ఇలాంటిచోటికి పంపితే ప్రైజ్ రాకపోయినా అదే రాత ఐసీఎస్‌ఎస్‌ఆర్ సినాప్సిస్‌కి, పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పనికొస్తుంది. అందుకే నెట్‌తో పాటు ఏడాదికి ఒక్క పేపరైనా రాయమని చెప్తాను.

విదేశాల సంగతి ఒక్క మాట. రాష్ట్ర ప్రభుత్వ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఎస్సీ, ఎస్టీలకు, ఫూలే విద్యానిధి బీసీలకు 20 లక్షల దాకా ఇస్తాయి. కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కి మాత్రం 2022లో ఒక షరతు పెట్టారు: భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధన అంశాలకు అది ఇవ్వరు. కులం మీద బయట చదువుకుని రావాలనుకున్న దళిత విద్యార్థికి ఇది నేరుగా తగిలే దెబ్బ. కాబట్టి సోషియాలజీ వాళ్లకు ఇక్కడ రాష్ట్రం పథకమే మేలు.

ఒక ప్రశ్న తరచూ వస్తుంది: ఐసీఎస్‌ఎస్‌ఆర్ వచ్చిన ఆర్నెల్లకు జేఆర్‌ఎఫ్ కూడా వస్తే ఏం చేయాలి? రెండూ ఒకేసారి తీసుకోవడం కుదరదు. జేఆర్‌ఎఫ్ తీసుకోండి. మొదటిది వదులుతున్నట్టు గైడ్ ద్వారా రాతపూర్వకంగా పంపి, అందినట్టు కాగితం తీసుకోండి. వదిలిన తేదీ, కొత్తదాంట్లో చేరిన తేదీ ఒకదాని మీద ఒకటి పడకూడదు. పడితే ఆ నెలల డబ్బు తిరిగి కట్టమంటారు, అది కూడా ఖర్చయిపోయాక.