ఐరిష్ జానపదం వినాలంటే డబ్లినర్సా, బెల్‌గ్రేడ్ బ్యాండా?

ఐరిష్ జానపద పాటలు ఎవరితో మొదలుపెట్టాలని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌కు చెందిన బ్యాండ్ ఆర్థడాక్స్ కెల్ట్స్ పేరు చెప్పగానే వెంటనే ఇంకో ప్రశ్న వస్తోంది: "అసలువాళ్లు, ఐర్లండ్ బ్యాండ్ డబ్లినర్స్ ఉండగా వీళ్లెందుకు?"

డబ్లినర్స్ గొప్పతనం గురించి తగవు లేదు. 1962లో డబ్లిన్‌లోని ఓడొనహ్యూస్ పబ్‌లో పాడుతూ పాడుతూ బ్యాండ్ అయినవాళ్లు. వాళ్లలో రానీ డ్రూది కంకర మీద బండి లాగినట్టుండే గొంతు. ల్యూక్ కెలీ అయితే వాయిద్యం ఒక్కటీ లేకుండా పాడినా చివరిదాకా కూర్చోబెడతాడు. నెమ్మదిగా సాగే కథాగేయాల్లో వాళ్ల దరిదాపుల్లోకి ఎవరూ రారు, బెల్‌గ్రేడ్ వాళ్లు కూడా. చిక్కల్లా యాసతోనే. కొత్తగా వినేవాళ్లకు సగం మాటలు అందవు, సాహిత్యం ఎదురుగా పెట్టుకోవాల్సిందే.

ఆర్థడాక్స్ కెల్ట్స్ 1992లో మొదలైంది. బ్యాండ్ పేరుతోనే 1994లో మొదటి ఆల్బమ్ వచ్చింది. సంప్రదాయ ఐరిష్ పాటలే, అదీ ఇంగ్లిష్‌లోనే. పాడింది అలెగ్జాండర్ పెట్రోవిచ్. వీళ్ల పాటల్లో అందరి చెవీ ముందు ఫిడేలు మీదికే పోతుంది గానీ, బోద్రాన్ వినండి. చెక్క చట్రానికి మేకతోలు బిగించిన వాయిద్యం, చూడ్డానికి మన డప్పుకు చుట్టమే. కుడిచేతిలో చిన్న పుల్ల, రెండు కొసలూ తోలు మీద ఆడతాయి. ఎడమచెయ్యి వెనక నుంచి తోలును నొక్కుతూ వదులుతూ ఉంటుంది. అందుకే ఒక దెబ్బ గుమ్మంటే ఇంకోటి టక్కుమంటుంది. కాలు దానంతటదే ఆడుతుంది.

నా లెక్కలో అసలు తేల్చేది ఇదేమీ కాదు. ఆ పాట పాడాల్సిన అవసరం ఎవరికుంది అన్నదే. జానపద పాటకు ఓనర్ ఉండడు కాబట్టి అసలు, నకలు అనే లెక్క ఇక్కడ పనికిరాదు. సెర్బియా అప్పట్లో యుగోస్లావియాలో భాగం, ఆ దేశం మీద 1992 మే నుంచి ఐక్యరాజ్య సమితి ఆంక్షలుండేవి. 1993లో అక్కడ 50 వేల కోట్ల దినార్ల నోటు అచ్చయింది, అదీ చూస్తుండగానే చిత్తుకాగితమైంది. చదువుకున్న కుర్రాళ్లు దొరికిన దారిన దేశం దాటుతున్నారు. ఐరిష్ పాటల్లో ఉండేదేమిటి? ఓడెక్కి వెళ్లిపోవడం, పెత్తనం చేసేవాళ్ల మీద కసి, జేబులో పైసా లేకపోయినా తాగి నవ్వడం. ఆ ఏళ్లలో బెల్‌గ్రేడ్ కుర్రాళ్లు వీటిని పాడుతుంటే అరువు పాటల్లా ఎలా వినిపిస్తాయి? క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఆ ఊరు కట్టింది, ఐరిష్‌వాళ్ల పూర్వీకులుగా చెప్పుకునే కెల్టు జాతివాళ్లేనని, అందుకే ఆ రక్తం పలుకుతోందని కొందరు అంటారు. ఊరి చరిత్ర నిజమే, రక్తం కబుర్లు మాత్రం నేను నమ్మను. 1993 చాలు.

అందుకే కొత్తవాళ్లకు నేను 1994 ఆల్బమ్ ముందు చెబుతాను. అది వంటబట్టాక డబ్లినర్స్ దగ్గరికి వెళితే యాస అంత ఇబ్బంది పెట్టదు, పాట నడక అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. డబ్లినర్స్‌తో మొదలుపెట్టి రెండు పాటలకే ఆపేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఆర్థడాక్స్ కెల్ట్స్ 1999లో తెచ్చిన 'గ్రీన్ రోజెస్'లో సొంత పాటలూ ఉన్నాయి. బాగుంటాయి, అయితే మీరడిగింది జానపదం కదా. పోగ్స్ సంగతీ అంతే. లండన్‌లో 1982లో పుట్టిన ఆ బ్యాండ్‌కు షేన్ మెక్‌గోవన్ రాసిన పాటలే ప్రాణం. 1987లో డబ్లినర్స్‌తో కలిసి 'ది ఐరిష్ రోవర్' పాడారు, ఆ ఒక్కటి మాత్రం వదలొద్దు.