ఏడు పెంకులాటా, ఖోఖోనా?

వైకల్యం ఉన్నవాళ్లతో సహా 9 నుంచి 12 ఏళ్ల పిల్లలందరినీ కలిపి ఆడించాలంటే నా ఓటు ఏడు పెంకులాటకే. ఖోఖో గొప్ప ఆటే. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ప్రపంచ కప్పులో పురుషుల, మహిళల టైటిళ్లు రెండూ మనవాళ్లవే. కానీ వరుసగా కూర్చున్న 8 మందిలో ఎవరికి ఖో పడితే వాళ్లు చటుక్కున లేచి పరుగెత్తాలి. మధ్య గీత దాటకూడదు, వెనక్కి మళ్లకూడదు. కాలు సరిగా లేని పిల్లాడికి ఆ లేవడమే కష్టం. వినపడని పిల్లలు మాత్రం బాగా ఆడగలరు, మాటతోపాటు వీపు మీద చెయ్యి కూడా పడుతుంది కదా.

పెంకులాటలో గురి చూసి కొట్టేవాళ్లకీ, పరుగెత్తేవాళ్లకీ, పేర్చేవాళ్లకీ తలో పని ఉంటుంది. పెంకుల్ని ఎత్తు తక్కువ బల్ల మీద పెడితే చక్రాల కుర్చీలో ఉన్న పాప కూడా పేరుస్తుంది. పెద్దది అడుగున, చిన్నది పైన. కంగారులో ఒకటి జారిందా, మళ్లీ సర్దుకోవాల్సిందే! ఆ పాపకి బంతి తగలాల్సిన పని లేదు, కుర్చీకి తగిలినా అవుటే అనుకుంటే సరి. చూపు తక్కువున్న పిల్లలుంటే గజ్జెలున్న బంతి, ముదురు రంగు పెంకులు వాడండి. బంతి ఎప్పుడూ మెత్తటిదే ఉండాలి.

పిల్లలే ఖోఖో కావాలంటే, కూర్చోబెట్టకుండా నిలబెట్టి ఆడించండి. పరుగెత్తలేని వాళ్లకి ఒక జోడీని ఇవ్వండి: ఖో వీళ్లకి, పరుగు జోడీకి.