బకెట్ అచ్చులోకి మేత సంచులా, పగిలిన క్రేట్లా?

"అన్నా, బకెట్లకు పీపీ దానా మేలా, హెచ్‌డీ దానా మేలా?" ఈ ఏడాది నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే. దానా అంటే పాత ప్లాస్టిక్‌ను కరిగించి తీసే గింజలు. పీపీ అంటే పాలీప్రొపిలీన్, హెచ్‌డీ అంటే హై డెన్సిటీ పాలిథిన్. అడిగేవాళ్లలో సగం మంది రొయ్యల చెరువుల వైపు వాళ్లు. నెల్లూరు జిల్లాలో విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, ఎటు పోయినా ఖాళీ మేత సంచులు గుట్టలుగా పడి ఉంటాయి. అదంతా పీపీ. చేపలు దించే రేవుల దగ్గర పగిలిన క్రేట్లు, చెరువుల దగ్గర నీళ్లలో కలిపే మినరల్స్ వచ్చిన క్యాన్లు దొరుకుతాయి. అవి ఎక్కువగా హెచ్‌డీ. మొన్న నా బకెట్ అచ్చుకు సరుకు తెచ్చుకునేటప్పుడు నాకూ ఇదే ప్రశ్న ఎదురైంది.

అచ్చు పోసేవాడికి పీపీ సుఖం. బాగా పారుతుంది, పలచటి గోడ కూడా నిండుతుంది, సామాను బిగువుగా వస్తుంది. సంచులు నేసే పీపీకి ఎంఎఫ్‌ఐ, అంటే కరిగాక ఎంత సులువుగా పారుతుందో చెప్పే అంకె, 3 దగ్గర ఉంటుంది. కరిగించి దానా తీసిన ప్రతిసారీ అది పెరుగుతుంది, అంటే లోపలి అణువుల గొలుసులు తెగుతున్నాయి. మరీ నీళ్లలా పారే దానా చూసి సంబరపడకండి, ఆ పారుదలకు బలమే ఖర్చయింది. హెచ్‌డీలో చిక్కు వేరు. క్యాన్లు ఊది చేసినవి, వాటి ఎంఎఫ్‌ఐ 1 లోపే. మెషీన్‌లోని స్క్రూ ఎంత తోసినా అచ్చు చివరిదాకా పోదు. క్రేట్ల హెచ్‌డీ అచ్చులో పోసేందుకే తయారైంది కాబట్టి పారుతుంది. అందుకే నేను క్రేట్ల గ్రైండింగ్‌లో క్యాన్ల సరుకు మూడో వంతు మించనివ్వను.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. నేను తేల్చుకునేది ఎండను బట్టి. మన ఇళ్లలో బకెట్ ఎక్కడుంటుంది? బోరు దగ్గర, దొడ్లో, మేడ మీద. రోళ్లు పగిలే రోహిణికార్తెలోనూ అక్కడే. పీపీ గొలుసులో ప్రతి రెండో కార్బన్ దగ్గర సులువుగా ఊడే హైడ్రోజన్ ఒకటి ఉంటుంది. అతినీలలోహిత కిరణాలు పడ్డాక గాలిలోని ఆక్సిజన్ ముందు అక్కడే పట్టుకుంటుంది. హెచ్‌డీలో అలాంటి చోట్లు చాలా తక్కువ. కొత్త సంచిలో ఎండకు తట్టుకునే మందు కలిపినా, నెలల తరబడి చెరువు గట్టున పడి ఉండేసరికి అది అయిపోతుంది. అలాంటి సంచిని గోటితో గీరి చూడండి, పీచుపీచుగా రాలుతుంది. దాన్ని కరిగించి బకెట్ చేసినంత మాత్రాన ఆ వయసు పోదు.

పోయిన సంక్రాంతికి ఒకే అచ్చులో రెండూ పోసి మేడ మీద పెట్టాను. వేసవి దాటేసరికి సంచుల బకెట్ అంచు సుద్దలా తెల్లబడింది. నిండా నీళ్లు పోసి ఎత్తితే పిడి తగిలించే చెవి పుటుక్కున విరిగింది. క్రేట్ల బకెట్ రంగు వెలిసింది, చెవి కొద్దిగా సాగింది, అంతే. విరిగే ముందు సాగే సరుకంటే నాకు నమ్మకం. నీళ్లు మోసే ఆడవాళ్ల కాళ్ల మీద పడేది ఆ బకెట్టే కదా.

అయితే హెచ్‌డీకి మారితే డిజైన్ కూడా మార్చాలి. అది పీపీకన్నా మెత్తన, చల్లారేటప్పుడు కుదింపు కూడా ఎక్కువ. పీపీకి చెక్కిన అచ్చులో హెచ్‌డీ పోస్తే సామాను చిన్నదవుతుంది. మూత పీపీలో, బకెట్ హెచ్‌డీలో పోస్తే రెండూ కలవవు. మెత్తదనం పోవాలని గోడంతా మందం చేయకండి, బరువు పెరుగుతుంది, ఆలస్యంగా చల్లారి వంకర పోతుంది. అంచును కిందికి మడిచి, పక్కన సన్నటి పక్కటెముకలు ఇవ్వండి. ఎముక మందం గోడలో 60 శాతం మించితే బయటివైపు గుంట పడుతుంది. అన్నిటికన్నా చెవి ముఖ్యం. చెవి రంధ్రం దగ్గర కరిగిన ప్లాస్టిక్ రెండు పాయలుగా చీలి అవతల కలుస్తుంది, ఆ అతుకు ఎప్పుడూ బలహీనమే. పాత సరుకులో మరీనూ. రంధ్రం చుట్టూ మందంగా గాజులా ఇచ్చి, మూలలన్నీ గుండ్రం చేయండి. రంగు నలుపు వేసుకోండి. నీళ్ల హెచ్‌డీ పైపులకు 2-3 శాతం కార్బన్ బ్లాక్ కలిపేది ఎండ కోసమే.

పీపీని తీసిపారేయను. కూర్చునే పీటకు, నీడలో ఉండే బట్టల గంపకు అదే మేలు. హెచ్‌డీ పీట కాళ్లు బరువుకు పక్కలకు జరుగుతాయి. కాకపోతే మేత సంచుల్ని కాస్టిక్ సోడా కలిపిన వేడి నీళ్లలో కడగాలి, లేకపోతే చేపల పొడి వాసన గంపలోకి కూడా వస్తుంది.

తోటల్లో తీసేసిన డ్రిప్ పైపుల ఎల్‌డీ (లో డెన్సిటీ పాలిథిన్) బకెట్‌కు మరీ మెత్తన. పెట్ సీసాల జోలికి చిన్న యూనిట్లు పోవద్దు, తేమ పూర్తిగా ఆరబెట్టకపోతే కరిగించేటప్పుడే పాడవుతుంది. నీళ్ల తొట్టిలో వేస్తే పెట్, పీవీసీ మునుగుతాయి, పీపీ, హెచ్‌డీ తేలతాయి. తేలిన రెండిటినీ విడదీయాల్సింది మాత్రం చేతులే. హెచ్‌డీ తాకితే మైనంలా జారుతుంది, గోరు దిగుతుంది.

ఏ దానాతో అయినా బియ్యం డబ్బాలు, మంచినీళ్ల బిందెలు పోయకండి. ఆ పాత సంచుల్లో, క్యాన్లలో ఇంతకుముందు ఏముందో మనకు తెలియదు. పురుగుమందు క్యాన్లయితే బకెట్‌కూ వద్దు, గేటు దగ్గరే వెనక్కి పంపించండి.

నా బకెట్ అచ్చుకు క్రేట్ల సరుకే ఖాయం చేశాను. చెవి దగ్గర కొత్తగా చెక్కించడానికి అచ్చును వర్క్‌షాప్‌కు ఇచ్చాను.