ఎన్‌ఎఫ్‌టీ మార్కెట్‌లో బూటకపు అమ్మకాలను పట్టే డ్యూన్ డ్యాష్‌బోర్డు: సమీక్ష

బ్లాక్‌చెయిన్ అనే బహిరంగ డిజిటల్ చిట్టాలో యాజమాన్యం నమోదయ్యే బొమ్మల్లాంటి డిజిటల్ వస్తువులే ఎన్‌ఎఫ్‌టీలు. ఒక ఎన్‌ఎఫ్‌టీ కలెక్షన్‌కు గిరాకీ ఉందో లేదో తెలుసుకోవడానికి చాలామంది చూసేది దాని ట్రేడింగ్ వాల్యూమ్‌నే, అంటే అమ్మకాల మొత్తం విలువనే. ఆ అంకెను పెంచడం ఎంత సులువో తెలిస్తే దాన్ని నమ్మి డబ్బు పెట్టడానికి చేయి రాదు. ఒకే మనిషి రెండు వాలెట్లు (క్రిప్టో ఖాతాలు) తెరిచి, ఒకదాని నుంచి ఇంకొకదానికి అమ్ముకుంటూ పోయినా బ్లాక్‌చెయిన్‌లో అది అసలైన అమ్మకంగానే నమోదవుతుంది. వాష్ ట్రేడింగ్ అని పిలిచే ఈ బూటకాన్ని ఏరివేయడానికి హిల్డాబీ అనే మారుపేరుతో పనిచేసే డేటా విశ్లేషకుడు 2022 చివర్లో, బ్లాక్‌చెయిన్ డేటాను ఎవరైనా విశ్లేషించగల డ్యూన్ వేదికపై ఒక డ్యాష్‌బోర్డు రూపొందించారు. ఇలాంటి పనిముట్లలో నాకు గురి కుదిరింది దీని మీదే. ఏ అమ్మకాన్ని ఎందుకు అనుమానిస్తోందో ఇది దాచకుండా చెబుతుంది.

దీని సూత్రాలు ఎవరైనా చదువుకోగలిగినవి. కొన్నదీ అమ్మిందీ ఒకే వాలెట్ అయితే అనుమానమే. ఒకరికి అమ్మిన బొమ్మను వారి నుంచే తిరిగి కొన్నా, ఒకే బొమ్మను ఒకే వాలెట్ మూడు లేదా అంతకన్నా ఎక్కువ సార్లు కొన్నా అనుమానమే. నాలుగో సూత్రం అన్నిటికన్నా పదునైనది: కొన్న వాలెట్‌కూ అమ్మిన వాలెట్‌కూ మొట్టమొదటి ఈథర్ (ఈథీరియం బ్లాక్‌చెయిన్‌పై చెల్లే క్రిప్టో సొమ్ము) ఎక్కడి నుంచి వచ్చిందో వెతికి, ఇద్దరికీ మూలం ఒకే వాలెట్ అని తేలితే ఆ లావాదేవీని పక్కన పెడుతుంది. తర్వాత ఫ్లాష్ లోన్‌తో, అంటే ఒకే లావాదేవీలో తీసుకుని అందులోనే తీర్చేసే అప్పుతో జరిగిన కొనుగోళ్లను పట్టే సూత్రం కూడా చేరింది. దాని అవసరమేమిటో క్రిప్టోపంక్స్ కలెక్షన్‌లోని 9998 నంబరు బొమ్మ ఉదంతం చెబుతుంది. 2021 అక్టోబరు 28న ఆ బొమ్మ 124,457 ఈథర్‌కు, అంటే అప్పటి ధరల్లో సుమారు 53 కోట్ల డాలర్లకు అమ్ముడైనట్లు నమోదైంది. నిజానికి కొనుగోలుకు వాడిన సొమ్మంతా అప్పుగా తెచ్చినది. అది అమ్మిన వాలెట్‌కు చేరి, మళ్లీ కొన్న వాలెట్‌కే వచ్చి, అప్పు తీరిపోయింది. ఇదంతా ఒకే లావాదేవీలో ముగిసి, చివరకు బొమ్మ పాత యజమాని దగ్గరికే చేరింది.

ఇలా చేసేవారికి లాభమేమిటన్నది న్యాయమైన ప్రశ్న. పదేపదే తమకు తామే అమ్ముకున్న 262 మందిని బ్లాక్‌చెయిన్ లావాదేవీలను విశ్లేషించే చైనాలిసిస్ సంస్థ 2022లో పరిశీలిస్తే, ప్రతి లావాదేవీకీ నెట్‌వర్క్‌కు కట్టాల్సిన గ్యాస్ ఫీజుల భారం వల్ల వారిలో 152 మంది నష్టపోయినట్లు తేలింది. లెక్కను తారుమారు చేసింది టోకెన్ బహుమతులు. 2022 జనవరిలో మొదలైన లుక్స్‌రేర్ మార్కెట్‌ప్లేస్ ఎంత వాల్యూమ్ చేస్తే అంత వాటాగా తన టోకెన్లను (సొంత క్రిప్టో నాణేలను) పంచింది. రాయల్టీ (తిరిగి అమ్మినప్పుడు సృష్టికర్తకు వెళ్లే వాటా) లేని మీబిట్స్, టెర్రాఫార్మ్స్ వంటి కలెక్షన్లలో చేతులు మార్చుకుంటే రెండు శాతం ఫీజూ గ్యాసూ తప్ప వేరే ఖర్చు లేదు కనుక, బూటకపు అమ్మకాలు అక్కడ కుప్పలుగా పేరుకున్నాయి. 2022లో ఈథీరియంపై జరిగిన మొత్తం ఎన్‌ఎఫ్‌టీ వాల్యూమ్‌లో 58 శాతం ఇలాంటిదేనని ఈ డ్యాష్‌బోర్డు లెక్క తేల్చింది. అయితే అమ్మకాల సంఖ్యలో వీటి వాటా చాలా స్వల్పం. కొద్దిమంది పెద్ద పెద్ద మొత్తాలతో చేసిన పని అది. అందుకే వాల్యూమ్‌ను, సంఖ్యను పక్కపక్కన పెట్టి చూడమని నేను గట్టిగా చెబుతాను.

లోపాలు లేకపోలేదు. రెండు వాలెట్లకూ వేర్వేరు ఎక్స్ఛేంజీల నుంచి ఈథర్ తెచ్చుకునేంత జాగ్రత్త ఉన్నవాడు నాలుగో సూత్రానికి చిక్కడు. మరోవైపు, గ్యాస్ ఖర్చుల కోసం అన్న తన పాత వాలెట్ నుంచే తన కొత్త వాలెట్‌కూ, తమ్ముడి కొత్త వాలెట్‌కూ మొదటి ఈథర్ పంపితే, తర్వాత ఆ రెండు కొత్త వాలెట్ల మధ్య నిజాయతీగా జరిగిన అమ్మకం కూడా అనుమానితుల జాబితాలో పడుతుంది. కాబట్టి ఇది చూపే అంకెను తీర్పుగా కాక, విచారణ మొదలుపెట్టాల్సిన చోటుగా తీసుకోవాలి. ఫలానా లావాదేవీ ఏ సూత్రానికి దొరికిందో విడివిడి గడుల్లో కనిపిస్తుంది కనుక ఆ విచారణ మనమే చేసుకోవచ్చు. ఒక్క స్కోరు చూపించి ఊరుకునే పనిముట్లతో ఆ వీలు ఉండదు.

డ్యాష్‌బోర్డు చూడటానికి ఖర్చేమీ లేదు. కానీ మీకు కావలసిన ఒక్క కలెక్షన్‌ను విడిగా పరీక్షించాలంటే దాని కాంట్రాక్టు అడ్రసుతో (బ్లాక్‌చెయిన్‌లో ఆ కలెక్షన్ చిరునామాతో) క్వెరీ రాసుకోవాలి, అంటే డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్ కొంతైనా రావాలి. అది రానివారికి, వాష్ ట్రేడ్లను వేరుచేసి ర్యాంకులిచ్చే క్రిప్టోస్లామ్ వెబ్‌సైటు తేలికగా ఉంటుంది. మన దేశంలో కొనేవారికి ఈ శ్రమ తప్పదని నా అభిప్రాయం. 2022 ఏప్రిల్ నుంచి ఎన్‌ఎఫ్‌టీ లాభాలపై 30 శాతం పన్ను ఉంది. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో సర్దుకోవడానికి చట్టం ఒప్పుకోదు. బూటకపు వాల్యూమ్ చూసి ఎక్కువ ధరకు కొన్నవారు ఆ నష్టాన్ని పూర్తిగా తామే భరించాలి.